ప్రాక్స్‌మాక్స్ వీఈ: వైజాగ్‌లో మా ల్యాబ్ సర్వర్ మీద వాడి చూశాక

చిన్న రీసెర్చ్ ల్యాబ్, ఒకటో రెండో సర్వర్లు, వాటిని చూసుకోవడానికి ఒక్క మనిషి. మీ పరిస్థితి కూడా ఇదే అయితే ప్రాక్స్‌మాక్స్ వేసుకోండి, ఒకే సర్వర్‌ని చాలా విడి కంప్యూటర్లలా పంచి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సుకి పైసా పెట్టకుండానే పని జరుగుతుంది. కానీ డబ్బు మిగిలింది కదా అని టైమ్ కూడా మిగులుతుందనుకోవద్దు. ఇన్‌స్టాల్ చేయడం టీ బ్రేక్‌లో అయిపోతుంది. నలుగురు పీహెచ్‌డీ స్కాలర్ల థీసిస్ డేటా దాని మీద పెట్టి రాత్రి ఇంటికెళ్లి నిద్రపోవాలంటే మాత్రం దాన్ని బాగా పరీక్షించుకోవాలి. ఇక్కడ ఎక్కువగా రాస్తున్నది ఆ పరీక్షల గురించే.

మాది యూనివర్సిటీ ల్యాబ్, సముద్రం మీదా వాతావరణం మీదా పని. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ అంచనా మోడల్ నడిపేవాళ్లు కొందరు, శాటిలైట్ బొమ్మల మీద మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్లు కొందరు. నీళ్ల శాంపిళ్లు కొలిచే పరికరం ఒకటి ఉంది, దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప పనిచేయదు. అందరికీ కలిపి ప్రాజెక్టులో కొన్న రెండు సాకెట్ల (అంటే రెండు ప్రాసెసర్ల) ర్యాక్ సర్వర్ ఒకటి. ఇన్నాళ్లూ దాని మీద ఒకే లినక్స్, అందరికీ అందులోనే అకౌంట్లు. ఒకరు పైథాన్ అప్‌డేట్ చేస్తే ఇంకొకరి మోడల్ ఆగిపోయేది. పంచాయితీ నా టేబుల్ దగ్గరికి వచ్చేది. ఇది చాలదన్నట్టు మా ప్రొఫెసర్ గారి గురువుగారి కాలం నాటి ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ ఒకటుంది, సెంట్‌ఓఎస్ 6 అనే పాత లినక్స్‌లో తప్ప కంపైల్ కానని భీష్మించుకుంది. సెంట్‌ఓఎస్ 6కి అప్‌డేట్లు 2020 నవంబర్‌లోనే ఆగిపోయాయి. అలాంటి మెషిన్‌ని నెట్‌వర్క్‌లో ఉంచలేం, అలాగని తీసి పారేయలేం. ఎవరి మెషిన్ వాళ్లకి విడిగా ఇవ్వాలి, పాతదాన్ని ఓ మూల తాళం వేసి ఉంచాలి. వర్చువలైజేషన్, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడపడం తప్ప వేరే దారి లేదు.

ఇదివరకు ఇలాంటి పనికి చాలామంది వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ ఉచిత వెర్షన్ వేసుకునేవాళ్లు. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ చేతికి వీఎంవేర్ వెళ్లింది, 2024 ఫిబ్రవరిలో ఆ ఉచిత వెర్షన్ ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టారు. అయితే ఒకసారి ఆగి మళ్లీ మొదలైన దాని మీద ఐదేళ్ల ప్రాజెక్టు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన హైపర్-వి సర్వర్ కూడా 2019 ఎడిషన్‌తో ఆగిపోయింది. ఇదే పని చేసే ఎక్స్‌సీపీ-ఎన్‌జీ మంచిదే, వంక పెట్టను. మాకు కావలసిన వీఎంలు, కంటైనర్లు (వీఎం కంటే తేలికైన విడి గదుల్లాంటివి), జడ్‌ఎఫ్ఎస్ (చెడిన డేటాని తనే సరిచేసే ఫైల్ సిస్టమ్) డిస్కులు, బ్యాకప్ అన్నీ ఒకే స్క్రీన్‌లో కనిపించేది మాత్రం ప్రాక్స్‌మాక్స్‌లోనే. చేసేది వియన్నా కంపెనీ, ఈ సాఫ్ట్‌వేర్ 2008 నుంచి ఉంది. కింద ఉన్నది మామూలు డెబియన్ లినక్స్, లోపల వీఎంలు నడిపేది 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న కేవీఎం. రేపు ఈ కంపెనీ కూడా మనసు మార్చుకుంటే, లినక్స్ వచ్చిన ఎవరైనా మన వీఎంలని ఇంకో చోటికి మోసుకుపోగలరు. నన్ను ఒప్పించింది ఆ ధైర్యమే.

ఇన్‌స్టాల్ సంగతి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు ప్రశ్నలకి జవాబిచ్చి, బ్రౌజర్‌లో 8006 పోర్టుకి వెళ్తే స్క్రీన్ వచ్చేస్తుంది. ముందు బయోస్‌లో వీటీ-ఎక్స్, వీటీ-డీ అనే వర్చువలైజేషన్ సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. రెండోది జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) కోసం, తర్వాత చెప్తాను.

డిస్కుల దగ్గర మాత్రం తొందరపడకూడదు. ద్వారకానగర్ నుంచి సర్వర్ డెలివరీకి వచ్చిన షాపు కుర్రాడు మంచి ఉత్సాహవంతుడు. "రెయిడ్ ఫైవ్ చేసి పెట్టేశాను మేడమ్, ఇంక మీరు ఏమీ చూసుకోనక్కర్లేదు" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. జడ్‌ఎఫ్ఎస్‌కి అదే పడదు. డిస్కులు దానికి నేరుగా కనిపించాలి. ఏ డిస్కులో ఏ బ్లాక్ చెడిందో అదే చూసి, జత డిస్కులోని మంచి కాపీ తెచ్చి సరిచేస్తుంది. మధ్యలో రెయిడ్ కార్డు నిలబడి నాలుగు డిస్కుల్ని ఒకటిగా చూపిస్తే ఆ పని చేయలేదు. అందుకని రెయిడ్ తీసేసి, కార్డుని డిస్కులు నేరుగా కనిపించే హెచ్‌బీఏ మోడ్‌కి మార్చి, డిస్కుల్ని జతలుగా మిర్రర్ చేశాను. సగం జాగా పోయిందని మా ప్రొఫెసర్ గారు కాస్త ముఖం చిట్లించారు. పోతే పోయింది.

ఇంకో మాట, ఇది కొనబోయేవాళ్లకి. జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్‌లో) ఇండెంట్ పెట్టేటప్పుడు "ఎస్ఎస్‌డీ, ఇన్ని టీబీ" అని మాత్రమే రాస్తే ఎల్1 రూల్ (అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్లకే ఆర్డర్) ప్రకారం లాప్‌టాప్‌లో పెట్టుకునే రకం ఎస్ఎస్‌డీలు వచ్చి కూర్చుంటాయి. స్పెసిఫికేషన్‌లో "పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉండాలి" అనే ముక్క తప్పనిసరిగా రాయండి. కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాని రాసేయడానికి లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి అలాంటి డిస్కుల్లో. కాబట్టి "రాశావా, గ్యారంటీయేనా" అని సిస్టమ్ అడిగినప్పుడు వెంటనే ఔనంటాయి. మామూలువి నిజంగా రాసేదాకా ఆగి చెప్పాలి. ప్రాక్స్‌మాక్స్‌తో పాటే పీవీఈపెర్ఫ్ అనే చిన్న కమాండ్ వస్తుంది, అది సెకనుకి ఇలాంటి ఔనులు ఎన్ని వస్తున్నాయో లెక్క చెప్తుంది. కనీసం 200 దాటాలని వాళ్ల మాన్యువలే అంటోంది. మా దగ్గర పాత టవర్‌లోని హార్డ్ డిస్కులు ఆ గీత దగ్గరే ఆయాసపడ్డాయి. కొత్త డిస్కులు వేలల్లో చూపించాయి. డేటాబేస్ వీఎం పెట్టబోయేవాళ్లు ముందు ఈ కమాండ్ కొట్టి చూడండి, ఆ తర్వాతే మిగతాది.

ర్యామ్ గురించి ఒక్క ముక్క. పాత వెర్షన్లలో జడ్‌ఎఫ్ఎస్ తన క్యాష్ కోసం సగం ర్యామ్ దాకా వాడుకునేది. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే పది శాతం, అదీ 16 జీబీ మించకుండా పరిమితి పెడుతున్నారు. పాతదాన్నే అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాళ్లు చేత్తో మార్చుకోవాలి.

నెట్‌వర్క్ దగ్గర మాకు జరిగింది మీకూ జరగొచ్చు, ముఖ్యంగా క్యాంపస్‌లో ఉంటే. మొదటి వీఎం బ్రహ్మాండంగా వచ్చింది. రెండోది ఆన్ చేయగానే సర్వర్ మొత్తం నెట్‌వర్క్ నుంచి మాయం. కేబుల్ మార్చాం, పోర్టు మార్చాం. చివరికి కంప్యూటర్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అవతలాయన, "మీ పోర్టు మీద ఇన్నేసి మెషిన్లు కనిపిస్తున్నాయేంటి మేడమ్? పర్మిషన్ లేకుండా స్విచ్ పెట్టారా?" అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ప్రశ్నే. ప్రాక్స్‌మాక్స్ మామూలుగా వీఎంలన్నిటినీ ఒక బ్రిడ్జ్ (సర్వర్ లోపలి స్విచ్ లాంటిది) మీద పెడుతుంది, ప్రతి వీఎంకీ సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో గుర్తింపు నంబర్) ఉంటుంది. ఒక పోర్టుకి ఒక్క మ్యాకే అని స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఉంటే, రెండోది కనిపించగానే స్విచ్ ఆ పోర్టుని మూసేస్తుంది. మ్యాక్‌ల లిస్టు రాసి లెటర్ పెట్టుకుంటే ఇస్తామన్నారు. ఆ లెటర్ ఎన్ని టేబుళ్లు దాటాలో తెలిసినదాన్ని కాబట్టి, ఈలోగా రెండో బ్రిడ్జ్ ఒకటి పెట్టి, బయటి తీగతో సంబంధం లేకుండా, సర్వర్ అడ్రస్ వెనకాలే నాట్ చేసి (అన్నీ సర్వర్ ఒక్క అడ్రస్‌తోనే బయటికి వెళ్లేలా) వీఎంలని నడిపాను. ఇప్పుడు పర్మిషన్ వచ్చినా చాలా వీఎంలు ఆ లోపలి బ్రిడ్జ్ మీదే ఉన్నాయి. సెంట్‌ఓఎస్ 6 ముసలాయనకి ఆ నాట్ దారి కూడా ఇవ్వలేదు.

తర్వాత స్కాలర్ల వంతు. "అక్కా, టెన్సర్‌ఫ్లో ఇంపోర్ట్ చేయగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోతోంది, నా పాత లాప్‌టాప్‌లో బాగానే వస్తోంది" అని ఒక అమ్మాయి వచ్చింది. సర్వర్ ప్రాసెసర్ ఖరీదైనది, లాప్‌టాప్ పాతది. ఇదేం చోద్యం అనిపించేలా ఉంటుంది గానీ కారణం చిన్నది. ప్రాక్స్‌మాక్స్ 8వ వెర్షన్ నుంచి కొత్త వీఎంకి డిఫాల్ట్‌గా ఇచ్చే ప్రాసెసర్ రకం ఎక్స్86-64-వి2-ఏఈఎస్. ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కి మార్చినా వీఎం నడవాలని అందరికీ ఉండే లక్షణాలు మాత్రమే అందులో చూపిస్తారు. ఏవీఎక్స్ అనే వేగమైన లెక్కల ఇన్‌స్ట్రక్షన్ల గుంపు అందులో లేదు. టెన్సర్‌ఫ్లో అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ రెడీమేడ్ ప్యాకేజీలు 1.6 వెర్షన్ నుంచీ ఏవీఎక్స్ ఉండాల్సిందే అంటాయి. వీఎం సెట్టింగుల్లో ప్రాసెసర్ టైప్ దగ్గర "హోస్ట్" అని పెట్టి, వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే అయిపోయింది. లోపలినుంచి రీబూట్ కొడితే చాలదు, ఇది గుర్తుంచుకోండి. డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి లెక్కలకి కూడా ఇదే పెట్టాలి, లేకపోతే కొన్న ప్రాసెసర్‌లో సగం బలం వాడకుండా వదిలేసినట్టే. వేరే వేరే ప్రాసెసర్లున్న సర్వర్ల మధ్య వీఎంని నడుస్తుండగానే మార్చాలనుకునేవాళ్లకి మాత్రం డిఫాల్టే మంచిది. మాకా అవసరం లేదు.

డబ్ల్యూఆర్ఎఫ్‌నే పరీక్ష సరుకుగా పెట్టుకున్నాను. ఒకే ఇన్‌పుట్, అదే కంపైలర్, ముందు ఖాళీ సర్వర్ మీద, తర్వాత వీఎంలో. కోర్లు ఒక సాకెట్‌లో ఉన్నవరకే ఇస్తే రెండింటికీ తేడా చెప్పుకోదగ్గది కాదు. ఆశపడి రెండు సాకెట్ల కోర్లూ కలిపి, న్యూమా సెట్టింగ్ ముట్టుకోకుండా పెద్ద వీఎం చేస్తే మాత్రం నత్తనడక. రెండు సాకెట్ల సర్వర్‌లో ఏ ప్రాసెసర్ ర్యామ్ దానికి దగ్గర, న్యూమా అంటే అదే. ఆ సంగతి వీఎంకి తెలియకపోతే డేటా కోసం అవతలి సాకెట్ దాకా వెళ్తూ ఉంటుంది, ఎంవీపీ కాలనీలో ఉంటూ రోజూ కూరగాయలకి గాజువాక వెళ్లినట్టు. న్యూమా టిక్ పెట్టి, సాకెట్లు 2 అని చూపించి, అఫినిటీలో (ఏ కోర్ల మీద నడవాలో చెప్పే చోట) కోర్ల నంబర్లు రాశాక దారికొచ్చింది. అయినా నా అభిప్రాయం అడిగితే, రోజుల తరబడి నడిచే పెద్ద మోడల్ రన్‌లకి వర్చువలైజేషన్ అక్కర్లేదు. అవి విడి సర్వర్ మీదో క్లస్టర్ మీదో నడవాలి. ఇది పంచుకోవడానికి, ప్రయోగాలకి, పాతవి కాపాడుకోవడానికి.

జీపీయూ ఒకటి ఉంది, దాన్ని పాస్‌త్రూ పద్ధతిలో ఒక వీఎంకి ఇచ్చేయొచ్చు. పనిచేస్తుంది, వేగం కూడా బాగుంటుంది. చిక్కేమిటంటే ఆ వీఎం ఆన్‌లో ఉన్నంతసేపు కార్డు దానిదే, పక్కవాళ్లు చూస్తూ కూర్చోవాలి. అందుకని మేం చివరికి డ్రైవర్ హోస్ట్ (అసలు సర్వర్) మీదే వేసి, స్కాలర్లకి ఎల్ఎక్స్‌సీ కంటైనర్లు ఇచ్చాం. కంటైనర్లయితే ఒకే కార్డుని అందరూ చూడగలరు, మెమరీ కోసం వాళ్లలో వాళ్లు తిట్టుకుంటే అది నా పంచాయితీ కాదు. కార్డు బిగించేవాళ్లకి ముందస్తు హెచ్చరిక: కొత్త కార్డు పెట్టాక లాన్ పోర్టు పేరు మారిపోయి, బ్రిడ్జ్ పాత పేరు కోసం వెతుకుతూ నెట్‌వర్క్ రాకపోవచ్చు. లినక్స్ పేర్లు పెట్టే తీరు వల్ల వచ్చే తలనొప్పి ఇది. ప్రాక్స్‌మాక్స్ 9వ వెర్షన్‌లో పేరు మారకుండా కట్టేసే కమాండ్ ఇచ్చారు. మానిటర్, కీబోర్డు దగ్గర పెట్టుకునే ఈ పని చేయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి కరెంటు గురించి విడిగా చెప్పనక్కర్లేదు. తుఫాను దాకా ఎందుకు, మే నెల మధ్యాహ్నాలు చాలు. మా యూపీఎస్ ఫ్లోర్ మొత్తానికీ ఒకటే, దాని యూఎస్‌బీ కేబుల్ ప్లాస్టిక్ కవర్‌లోంచి బయటికే రాలేదు. దాన్ని సర్వర్‌కి తగిలించి, హోస్ట్ మీద నట్ అనే యూపీఎస్ ప్రోగ్రామ్ వేసి, బ్యాటరీ తగ్గగానే వరుసగా అన్నీ ఆపేలా పెట్టాను. తర్వాత ఒక శనివారం అందరికీ ముందుగా చెప్పి మెయిన్ దింపేశాను.

వీఎంలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి, సెంట్‌ఓఎస్ 6 తప్ప. ఆగమని ప్రాక్స్‌మాక్స్ సైగ చేస్తుంది, ఆ సైగని అందుకునే ఏసీపీఐడీ అనే ప్రోగ్రామ్ ఆ పాత కనీస ఇన్‌స్టాల్‌లో లేదు. అలాంటప్పుడు ప్రాక్స్‌మాక్స్ 180 సెకన్లు ఎదురుచూస్తుంది, కంటైనర్‌కైతే 60. ముసలి బ్యాటరీలున్న యూపీఎస్ మీద 180 సెకన్లంటే టెన్షనే. ఆ ప్రోగ్రామ్ వేసి, టైమ్‌అవుట్ తగ్గించి, ఆపే వరుస రాసుకున్నాక మళ్లీ దింపి చూశాను. ఈసారి బ్యాటరీలో ఇంకా ఛార్జి ఉండగానే సర్వర్ నిశ్శబ్దమైంది.

కరెంటు తిరిగొచ్చేటప్పుడు వేరే గొడవ. వచ్చి, పోయి, మళ్లీ వచ్చి. వచ్చిన ప్రతిసారీ వీఎంలు పొలోమని లేస్తే, మధ్యలో మళ్లీ పోతే డిస్కులకి మంచిది కాదు. నోడ్ (అంటే సర్వర్) ఆప్షన్లలో బూట్ అయ్యాక ఇన్ని సెకన్లు ఆగి మొదలుపెట్టు అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకోండి. మా అటెండర్ అయితే ఫ్యాన్ల మోత విని పరిగెత్తుకొచ్చాడు, "ఏటమ్మా, కరెంటొచ్చిన్నుంచీ ఈ పెట్టె ఒకటే ఊళ పెడతంది?" అని. ర్యాక్ సర్వర్ ఆన్ అయ్యేటప్పుడు అలాగే అరుస్తుంది, కాసేపటికి సర్దుకుంటుంది.

బ్యాకప్ సంగతి. స్నాప్‌షాట్‌ని (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టినదాన్ని) బ్యాకప్ అనుకునేవాళ్లు మా ల్యాబ్‌లోనే ఉన్నారు. స్నాప్‌షాట్ అదే డిస్కులో ఉంటుంది, డిస్కుతోనే పోతుంది. మేం పాత టవర్ మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేసి, దాన్ని క్యాంపస్‌లో ఇంకో బిల్డింగ్‌లో పెట్టాం. మొదటిసారి అంతా కాపీ అవుతుంది, తర్వాత నుంచి మారిన ముక్కలే వెళ్తాయి. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. వీఎం మొత్తం రీస్టోర్ చేయకుండా, రాత్రి బ్యాకప్‌లోంచి ఒక్క ఫైల్ తీసి స్కాలర్ చేతిలో పెట్టొచ్చు. ఆ ఒక్క పనికే నాకు చాలా దండాలు పడ్డాయి.

రీస్టోర్ కూడా చేసి చూడాలి, "బ్యాకప్ సక్సెస్" అనే పచ్చ గీత చూసి ఊరుకోకూడదు. పరికరం తాలూకు విండోస్ వీఎంని వేరే నంబర్‌తో రీస్టోర్ చేసినప్పుడు లైసెన్స్ చెల్లదంది. లైసెన్స్ మ్యాక్ అడ్రస్‌కి కట్టి ఉంది. రీస్టోర్ డబ్బాలో "యూనిక్" అనే టిక్ ఉంటుంది, అది పెడితే కొత్త మ్యాక్ వస్తుంది, తీసేస్తే పాతదే ఉంటుంది. నిజంగా పోయినప్పుడు టిక్ తీసేయాలి, పరీక్షకి మాత్రం పాత వీఎం ఆపాకే కాపీని ఆన్ చేయాలి. ఈ ముక్క రాసి ర్యాక్ తలుపు లోపల అంటించాను, నేను లేనప్పుడు చూసేవాళ్ల కోసం. విండోస్ కొత్తగా వేసేవాళ్లకి ఇంకోటి: ఇన్‌స్టాల్‌లో డిస్కు కనపడకపోతే కంగారు పడొద్దు, వర్ట్‌ఐఓ (వీఎం డిస్కు, నెట్‌వర్క్‌లకి వాడే) డ్రైవర్ల ఐఎస్ఓ ఫైల్ రెండో సీడీగా తగిలించి డ్రైవర్ చూపిస్తే వస్తుంది.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక డబ్బా వస్తుంది. ఉచితంగా వాడుతున్నాం కాబట్టి భరించాల్సిందే. దాన్ని తీసేసే స్క్రిప్టులు దొరుకుతాయి గానీ, ముక్కూమొహం తెలియని స్క్రిప్టుని సర్వర్‌లో రూట్‌గా (అన్ని హక్కులతో) నడపడం కంటే రోజుకోసారి ఓకే నొక్కడం నయం. మొదట అప్‌డేట్లు డబ్బు కట్టినవాళ్ల రిపాజిటరీ వైపే చూపిస్తాయి, దాన్ని ఉచితం వైపు మార్చుకోకపోతే ఎర్రర్లు వస్తాయి. యూజర్ల హక్కుల వ్యవస్థ గట్టిదే, మొదట్లో మాత్రం తికమక. స్కాలర్లకి పీవీఈవీఎంయూజర్ అనే రోల్ ఇస్తే చాలు, వాళ్ల వీఎం వాళ్లు ఆన్, ఆఫ్ చేసుకుంటారు, పక్కవాళ్లది కనిపించదు.

ఎవరైనా రెండు సర్వర్లు కలిపి క్లస్టర్ చేద్దామంటే వద్దని చెప్పండి. రెంటిలో ఒకటి పోతే మిగిలినదానికి మెజారిటీ ఉండదు, వీఎం ఆన్ చేయడానికి కూడా ఒప్పుకోదు. మూడోది ఉండాలి, లేదా ఓటు వేయడానికి ఒక చిన్న పరికరమైనా ఉండాలి. మా స్థాయికి మంచి బ్యాకప్ ఉన్న ఒంటరి సర్వరే సుఖం.

సబ్‌స్క్రిప్షన్ ధర సాకెట్ లెక్కన, ఏడాదికి. మా సర్వర్‌కి రెండు కట్టాలి. అన్నిటికంటే చిన్న ప్లాన్‌లో సపోర్ట్ టికెట్లు ఉండవు, పరీక్షించిన అప్‌డేట్లు మాత్రం వస్తాయి. యూరోల్లో కట్టడమంటే మా అకౌంట్స్ సెక్షన్ ఫైల్ వైపు కూడా చూడదు కాబట్టి, రూపాయల్లో కొటేషన్ ఇచ్చే రీసెల్లర్‌ని వెతుకుతున్నాను. మార్చిలో యూసీ (ప్రాజెక్టు డబ్బు ఖర్చు చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్) పంపేలోగా బడ్జెట్ మిగిలితే ముందు దీనికే అడుగుతాను. మిగలకపోతే యూపీఎస్ బ్యాటరీలు.